శ్రుతి జారిన మోగ్: టాంజరీన్ డ్రీమ్ ‘ఫీడ్రా’ ఎలా వినాలి

ముందే చెప్పేస్తున్నా, నేను చదివింది మొత్తం ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు క్లబ్‌లో సీనియర్లు దిద్దారు. ఇంకా మిగిలిన తప్పులు నావే, సర్దుకుపోండి.

విషయానికొస్తా. పోయిన సెమిస్టర్ క్లబ్ మీటింగ్‌లో మాట మాట వచ్చి ‘మెషీన్ వాయించేది కూడా సంగీతమేనా’ అనే దగ్గరికి వచ్చింది. ఒక సీనియర్ అన్న మాట నాకు అలాగే ఉండిపోయింది. “బటన్ నొక్కితే అదే వాయించుకుంటుంటే, స్టేజ్ మీద మనిషెందుకు? కరెంటు బిల్లు కట్టడానికా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రోజూ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ వినేవాడిని నేనే కదా, నా దగ్గర సమాధానం లేదు. రూమ్‌కి వచ్చాక సిగ్గనిపించింది. ఆ సమాధానం కోసం సెలవులన్నీ పెట్టి ఒకే ఒక్క పాటని వింటూ, దాని గురించి చదువుతూ, చివరికి దాన్ని కోడ్‌లో రాయడానికి ట్రై చేస్తూ కూర్చున్నాను. ఆ నోట్సే ఇది.

‘స్ట్రేంజర్ థింగ్స్’ చూసినవాళ్ళకి టైటిల్స్‌లో వచ్చే మ్యూజిక్ గుర్తుండే ఉంటుంది. ఎర్ర అక్షరాలు మెల్లగా దగ్గరికొస్తుంటే వెనకాల ఒకే వరస స్వరాలు ఎక్కుతూ దిగుతూ తిరుగుతుంటాయి. అది చేసింది కైల్ డిక్సన్, మైకేల్ స్టైన్. అమెరికాలో ఆస్టిన్‌లో సర్వైవ్ అనే బ్యాండ్ వాళ్ళు, పాత సింథసైజర్లే వాళ్ళ వాయిద్యాలు. ఆ సీరీస్‌లోనే కొన్ని సీన్లకి ఇంకో పాత బ్యాండ్ మ్యూజిక్ నేరుగా వాడారు. ఆ పాత బ్యాండే టాంజరీన్ డ్రీమ్. ఇప్పుడు వాళ్ళ సింథసైజర్లని వింటేజ్ అంటున్నాం గానీ, వాళ్ళు వాడినప్పుడు అవి కొత్తవి. ఎలా వాడాలో చెప్పేవాళ్ళు కూడా పెద్దగా లేరు.

1967లో పశ్చిమ బెర్లిన్‌లో ఎడ్గర్ ఫ్రోజె అనే ఆర్ట్ స్టూడెంట్ ఈ బ్యాండ్ మొదలుపెట్టాడు. చుట్టూ గోడ కట్టిన ఊరు అది. 1970లో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘ఎలక్ట్రానిక్ మెడిటేషన్’లో, పేరులో ఎలక్ట్రానిక్ అని ఉన్నా, సింథసైజర్ ఒక్కటి కూడా లేదు. గిటార్, ఆర్గన్, డ్రమ్స్, చెల్లో, టేపులతో చేసిన గోల. గోల అని ఇష్టంతోనే అంటున్నా. అప్పుడు ఫ్రోజెతో ఉన్న క్లాస్ షుల్జె, కాన్రాడ్ ష్నిట్స్‌లర్ ఇద్దరూ తొందరగానే వెళ్ళిపోయారు. తర్వాత వచ్చినవాళ్ళు మనకి ముఖ్యం. క్రిస్టొఫర్ ఫ్రాంకె, పీటర్ బౌమన్. ఫ్రాంకె అసలు డ్రమ్మర్. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1973లో వాళ్ళ ‘ఆటెమ్’ ఆల్బమ్‌ని బీబీసీ రేడియోలో జాన్ పీల్ ఆ ఏడాది తనకి నచ్చిన ఆల్బమ్‌గా ఎంచుకున్నాడు. అదే ఏడు రిచర్డ్ బ్రాన్సన్ కొత్తగా పెట్టిన వర్జిన్ కంపెనీ వాళ్ళని తీసుకుంది. ఆ నవంబరులో ముగ్గురూ ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెలో ఉన్న మానర్ అనే పాత బంగళా స్టూడియోకి వెళ్ళారు. ‘ఫీడ్రా’ అక్కడ రికార్డయింది. 1974 ఫిబ్రవరి 20న విడుదల. రేడియోలో పెద్దగా వేయకుండానే బ్రిటన్ చార్టులో 15వ స్థానం దాకా వెళ్ళింది. మొదటి పాట పేరు కూడా ‘ఫీడ్రా’నే, పదిహేడున్నర నిమిషాలు.

(ఫీడ్రా ఎవరంటారా? గ్రీకు కథల్లో సవతి కొడుకుని కోరుకున్న రాణి. మన సారంగధర కథలో చిత్రాంగి ఉంది చూడండి, దాదాపు అదే. పాటలో మాటల్లేవు కాబట్టి కథ కూడా లేదు. పేరు బావుందని పెట్టి ఉంటారని నా అనుమానం.)

అసలు మెషీన్ ఏం చేస్తుంది

ఈ పాట వినాలంటే ఒక వాయిద్యం అర్థం కావాలి. రాబర్ట్ మోగ్ అనే అమెరికన్ ఇంజనీరు 1964లో హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతకారుడితో కలిసి దాని మొదటి నమూనా చేశాడు. చాలామంది మూగ్ అంటారు గానీ, ఆయన తన పేరుని మోగ్ అనే పలికేవాడు. మనకి గుర్తుపెట్టుకోవడం తేలిక. మోగుతుంది కాబట్టి మోగ్.

పెద్ద మోగ్ అంటే బీరువా అంత పెట్టె. లోపల విడివిడి మాడ్యూళ్ళు, వాటిని కలిపేది తీగలు. పాత సినిమాల్లో టెలిఫోన్ ఎక్స్చేంజ్ సీన్ చూసి ఉంటే, అలాగే ఉంటుంది. ఆసిలేటర్ అనే మాడ్యూల్ శబ్దాన్ని పుట్టిస్తుంది. దాని తరంగం రంపపు పళ్ళలా ఉంటే శబ్దం కరుగ్గా, తేనెటీగ రొదలా వస్తుంది. ఆ రొద ఫిల్టర్‌లోకి వెళ్తుంది. ఫిల్టర్ ఏం చేస్తుందో మనందరికీ తెలుసు, పేరు తెలీదంతే. వినాయక నిమజ్జనం రోజున డీజే బండి రెండు వీధుల అవతల ఉన్నప్పుడు ధన్ ధన్ అనే బేస్ ఒక్కటే వినిపిస్తుంది. బండి మన వీధి మలుపు తిరగగానే మాటలు, తాళాలు, విజిల్స్ అన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. మోగ్ ఫిల్టర్ నాబ్ తిప్పడం అంటే ఆ బండిని మలుపు తిప్పడం. ఒక హద్దు దాటాక, స్థాయి స్థాయికీ 24 డెసిబెల్స్ చొప్పున పై శబ్దాలని కోసేస్తుంది. ఆ హద్దు ఎక్కడుండాలో నాబ్ చెబుతుంది.

ఇక్కడిదాకా వాయిద్యం. అసలు తెలివైన విషయం ఏంటంటే ఈ మాడ్యూళ్ళన్నీ మాట్లాడుకునే భాష ఒక్కటే, వోల్టేజ్. మోగ్ పెట్టిన రూల్ చాలా సింపుల్. ఒక వోల్ట్ పెరిగితే ఒక స్థాయి పైకి. ఆసిలేటర్ 220 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి, ఒక వోల్ట్ కలిపితే 440, ఇంకోటి కలిపితే 880. అంటే వోల్టులు కూడుతుంటే ఫ్రీక్వెన్సీ హెచ్చవేత అవుతోంది. లాగరిథమ్ టేబుల్ పని ఒక సర్క్యూట్ చేస్తోందన్నమాట. ఒక స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కోదానికి పన్నెండో వంతు వోల్ట్, సుమారు 83 మిల్లీవోల్టులు.

ఇప్పుడు సీక్వెన్సర్. మోగ్ 960 అనే మాడ్యూల్‌లో మూడు వరసలు, వరసకి ఎనిమిది నాబ్‌లు. ఒక్కో నాబ్ ఒక్కో వోల్టేజ్. ఒక క్లాక్ టిక్ టిక్ మంటూ మొదటి నాబ్ నుంచి ఎనిమిదో దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తుంది. మనవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఎనిమిది ఫ్లోట్‌ల అరే, మాడ్యులో ఎనిమిదితో తిరిగే లూప్. అంతే. తేడా ఎక్కడంటే ఈ అరేకి సేవ్ బటన్ లేదు. నాబ్ మీద స్వరం పేరు రాసి ఉండదు. చెవితో వింటూ ఎనిమిదింటినీ ఒక్కోటీ శ్రుతి చేసుకోవాలి. పొరపాటున చెయ్యి తగిలిందా, మళ్ళీ మొదటికి. మానర్‌లో రోజూ మోగ్‌ని శ్రుతి చేసుకోడానికే గంటలు గంటలు పట్టేదని ఫ్రోజె తర్వాత చెప్పాడు.

వేడి లెక్క

గంటలు ఎందుకు పట్టేది? ఇదే నాకు ఈ వ్యాసంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కొంచెం ఎలక్ట్రానిక్స్ ఉంది, ఈసీఈ వాళ్ళు నన్ను తిట్టకండి.

వోల్టులని కూడితే ఫ్రీక్వెన్సీ హెచ్చవేత కావాలంటే ఎక్స్‌పొనెన్షియల్‌గా ప్రవర్తించే పార్ట్ ఒకటి కావాలి. ట్రాన్సిస్టర్ పుట్టుకతోనే అలాంటిది. బేస్ ఎమిటర్ మధ్య వోల్టేజ్ కొంచెం పెరిగితే కరెంట్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. ఫస్ట్ ఇయర్‌లో డయోడ్ ఈక్వేషన్ రాశాం కదా, దాంట్లో థర్మల్ వోల్టేజ్ అని ఒకటుంటుంది. మామూలు గదిలో సుమారు 26 మిల్లీవోల్టులు. పరీక్షలో అది కాన్‌స్టెంట్ అన్నట్టు రాసి వచ్చేశాం. కానీ దాంట్లో ఉష్ణోగ్రత ఉంది! గది సుమారు 300 కెల్విన్ అనుకుంటే ఒక్క డిగ్రీ మారితే మూడు వందలో ఒక వంతు, అంటే 0.33 శాతం మారుతుంది.

0.33 శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. ఆధార శ్రుతికి మూడు స్థాయిల పైన ఒక స్వరం ఉందనుకుందాం. ఒక స్థాయిని 1200 సెంట్లుగా కొలుస్తారు, మూడు స్థాయిలంటే 3600. దాంట్లో 0.33 శాతం పన్నెండు సెంట్లు. అది ఒక్క డిగ్రీకి. దేన్నీ సరిచేయకుండా వదిలేస్తే పది డిగ్రీలకి 120 సెంట్లు, అంటే ఒక స్వరస్థానం కన్నా ఎక్కువ. ఈ జారుడు అన్ని స్వరాలకీ ఒకేలా ఉండదు. ఆధారానికి దగ్గరున్నవి కొంచెం, దూరంగా ఉన్నవి ఎక్కువ. అంటే పాట మొత్తం ఒక మెట్టు కిందికి దిగడం కాదు, స్వరాల మధ్య దూరాలే మారిపోతాయి. వేడెక్కే కొద్దీ ఆ దూరాలు దగ్గరవుతాయి. రాగం ముడుచుకుపోతున్నట్టు.

డిజైనర్లకి ఇది తెలీక కాదు. జంట ట్రాన్సిస్టర్లు పెట్టారు, వేడికి విలువ మారే రెసిస్టర్లతో సరిచేశారు. చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆ పెట్టె ఆన్ చేశాక లోపల వేడెక్కుతూనే ఉంటుంది. దాని ముందు కూర్చున్న ముగ్గురు మనుషులకి, వెలుగుతున్న దీపాలకి ఉన్న వేడి సంగతి నేను లెక్క వేయలేదు.

‘ఫీడ్రా’ టైటిల్ ట్రాక్ స్టూడియోలో అప్పటికప్పుడు వాయించిన ఇంప్రొవైజేషన్ నుంచి వచ్చింది. మోగ్ సీక్వెన్సర్ తిరుగుతోంది, టేపు నడుస్తోంది, ఆసిలేటర్లు వేడెక్కి శ్రుతి జారడం మొదలుపెట్టాయి. వాళ్ళు ఆపలేదు. ఆ జారుడు కూడా రికార్డులో అలాగే ఉంచేశారు. పాట చివరి భాగం వైపు వినిపించే మార్పుల్లో కొన్నిటికి కారణం అదే.

అమ్మమ్మ కనిపెట్టింది

ఇదంతా చదవకముందు ఒక సంగతి జరిగింది. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు హాల్లో స్పీకర్ పెట్టి ఈ పాట వింటున్నా. అమ్మమ్మ వెనకాల కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకుంది, తర్వాత పెళ్ళయిపోయింది, ఆపేసింది. ఇంట్లో శ్రుతిపెట్టె ఇంకా ఉంది, తాళాలచెవులు పెట్టుకోడానికి. పాట సగం దాకా ఏం అనలేదు. తర్వాత ఉన్నట్టుండి, “ఒరే నానా, వీళ్ళు శ్రుతి చూసుకోరేంట్రా? జారిపోతోంది” అంది.

నాకేం జారినట్టు వినిపించలేదు. నిజంగా చెప్తున్నా, అప్పటికి అదే పాట ఇరవైసార్లు విని ఉంటాను.

కొన్ని రోజుల తర్వాత ఆసిలేటర్ల సంగతి చదివి ఫోన్ చేసి చెప్పాను. “అమ్మమ్మా, నువ్వన్నది కరెక్టే, అది మెషీనే గానీ వేడెక్కి శ్రుతి మారింది” అన్నాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. “తంబూరా మారదూ? మా టీచరుగారు పాడుతూ పాడుతూనే ఒక చేత్తో బిరడా తిప్పేవారు. జనానికి తెలిసేది కాదు” అంది. తర్వాత భోజనం చేశావా అని అడిగింది.

మీటింగ్‌లో నాకు దొరకని సమాధానం దాదాపు ఇదే. సీక్వెన్సర్ తిరుగుతున్నంతసేపూ ఫ్రాంకె ఖాళీగా కూర్చోలేదు. నాబ్‌లు తిప్పుతున్నాడు, ఫిల్టర్ తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, క్లాక్ వేగం మారుస్తున్నాడు. ఎనిమిది స్వరాల వరస మీద కీబోర్డ్ నుంచి ఇంకో వోల్టేజ్ కలిపితే మొత్తం వరస ఒకేసారి ఇంకో ఆధారానికి ఎక్కి కూర్చుంటుంది (కూడిక గుర్తుంది కదా). డ్రమ్మర్ అని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కీబోర్డ్ వాయించేవాడు ఈ పెట్టెని ట్యూన్ వాయించే మెషీన్ అనుకునేవాడేమో. ఫ్రాంకె దాన్ని డ్రమ్‌లా విన్నాడు. అందుకే ఆ బేస్ వరసలో స్వరాలకన్నా ముందు దెబ్బ వినిపిస్తుంది.

మిగతా ఇద్దరి గురించి తొందరగా. బౌమన్ దగ్గర ఆర్గన్, ఎలక్ట్రిక్ పియానో, లండన్‌లో 1969లో తయారైన వీసీఎస్ 3 అనే చిన్న సింథసైజర్. దానికి తీగలుండవు, పదహారు బై పదహారు గళ్ళ బోర్డులో మేకుల్లాంటి పిన్నులు గుచ్చితే కనెక్షన్లు కలుస్తాయి. అడ్జసెన్సీ మ్యాట్రిక్స్‌ని చేత్తో పట్టుకోవాలనుందా, వీసీఎస్ 3 ఫోటో చూడండి. ఫ్రోజె దగ్గర మెలట్రాన్. అది సింథసైజర్ కాదు. ప్రతి మీట కింద ఒక టేపు ముక్క, దాని మీద ఎవరో వాయించిన వయొలిన్‌లో, ఫ్లూటో రికార్డై ఉంటుంది. మీట నొక్కితే టేపు ఎనిమిది సెకన్ల దాకా నడిచి ఆగిపోతుంది. వదిలితే స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. అంటే ఏ స్వరమైనా ఊపిరి బిగపట్టినంతసేపే. ఆల్బమ్‌లో రెండో పాట అంతా ఈ మెలట్రాన్ మీదే నడుస్తుంది. ఫ్రోజె వాయిస్తుంటే ఆయన భార్య మోనికా పక్కన నిలబడి ఫేజర్ అనే ఎఫెక్ట్ పెట్టె నాబ్‌లు తిప్పింది. నా ఓటు మాత్రం మొదటి పాటకే.

నా కోడ్ కథ

ఇక హాస్టల్‌లో పైథాన్ తెరిచాను. ఎనిమిది వోల్టుల లిస్ట్, రెండు టు ది పవర్ వోల్ట్, రంపం తరంగం, ఫిల్టర్. ఒక రాత్రి పని. ప్లే చేస్తే పాత నోకియా రింగ్‌టోన్ లా ఉంది. శ్రుతి పర్ఫెక్ట్, తాళం పర్ఫెక్ట్, రెండు నిమిషాలకి తలనొప్పి.

సరే, శ్రుతి జారాలి కదా అని ప్రతి స్వరానికీ ఒక రాండమ్ నంబర్ కలిపాను. ఇంకా ఘోరం. మందు కొట్టిన బ్యాండ్ మేళం. ఎందుకో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. వేడి అలా గెంతదు. ఈ క్షణం ఎంత జారిందో తర్వాతి క్షణం దాదాపు అంతే జారి ఉంటుంది. అంటే కొత్త రాండమ్ నంబర్ కాదు, పాత జారుడులో 0.999 వంతు ఉంచి దానికి చిన్న రాండమ్ ముక్క కలపాలి. నెమ్మదిగా అటు పోతుంది, నెమ్మదిగా ఇటు వస్తుంది. ఇలాంటి ఆసిలేటర్లు మూడు పెట్టి, మూడింటికీ వేరువేరు జారుడు ఇచ్చాను. అప్పుడు మొదటిసారి శబ్దం కదిలింది. ఒకటి 110 హెర్ట్జ్, ఇంకోటి 110.5 అయితే రెండు సెకన్లకి ఒకసారి అల లాంటిది పైకొచ్చి తగ్గుతుంది. ఆ అర హెర్ట్జ్ కూడా స్థిరంగా ఉండకపోతే అల పొడవు కూడా మారుతుంది.

అయినా అది ‘ఫీడ్రా’ కాలేదు. నిజం చెప్పాలంటే దరిదాపుల్లో లేదు. నా ప్రోగ్రామ్ జారుతుంది గానీ జారినట్టు దానికి తెలీదు. అక్కడ పెట్టె జారుతుంటే ముగ్గురు వింటున్నారు. ఒకడు సరిచేస్తున్నాడు, ఒకడు అది జారిన వైపే తన మీట నొక్కుతున్నాడు. నా లూప్‌కి ఆ చెవి ఇవ్వడానికి లైవ్‌గా నాబ్‌లు తిప్పేలా ల్యాప్‌టాప్ మీద నాలుగు స్లైడర్లు పెట్టాను. రోజూ అరగంట తిప్పుతున్నాను. ఎప్పుడు తిప్పాలో ఇంకా తెలియట్లేదు. అమ్మమ్మకి తెలుస్తుందేమో, ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక స్లైడర్ ఆవిడ చేతికివ్వాలి.

వినాలనుకునేవాళ్ళకి: పగలు బస్‌లో వద్దు, రాత్రి హెడ్‌ఫోన్స్‌తో వినండి. మొదటి నిమిషాల్లో బేస్ వరస ఎక్కడ మొదలైందో పట్టుకోండి, దాన్నొక్కదాన్నే వదలకుండా వెంట వెళ్ళండి. నచ్చితే 1975లో వచ్చిన ‘రూబికాన్’ వినండి, అక్కడ వాళ్ళ చెయ్యి ఇంకా తిరిగింది. ఇంకో మాట. మోగ్ అంటే యూరప్, అమెరికాల సంగతే అనుకోకండి. 1969లోనే అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి ఒక మోగ్ వచ్చింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా దాని మీద పనిచేశారు. ఆ టేపులు దశాబ్దాలు అలాగే పడి ఉంటే పాల్ పర్గస్ వెతికి తీశాడు, 2023లో ‘ద ఎన్ఐడీ టేప్స్’ పేరుతో బయటికొచ్చాయి. మానర్‌లో ‘ఫీడ్రా’ రికార్డవడానికి నాలుగేళ్ళ ముందే మన దేశంలో ఎవరో ఆ నాబ్‌లు తిప్పారు. అహ్మదాబాద్ ఎండల్లో ఆ ఆసిలేటర్లు ఎంత జారి ఉంటాయో పైన చెప్పిన లెక్కతో మీరే వేసి చూడండి.

నా కోడ్‌లో ఆ చిన్న రాండమ్ ముక్క ప్రస్తుతం 0.0004 వోల్ట్ దగ్గర ఆగింది. పోనుపోను అది సుమారు ఒక స్వరస్థానంలో తొమ్మిదో వంతు దాకా అటూ ఇటూ ఊగుతుంది. అంతకన్నా పెంచితే మా రూమ్‌మేట్ దుప్పటి ముసుగు తన్నుతున్నాడు.